తష్దీద్ కింది గీత

మీరు కళ్ళారా చూసి, సరిగానే ఉందని ఒప్పుకొని, మీ పేరు పెట్టి పంపిన మాట అవతలి మనిషి చేతిలో మరో మాటగా కనిపిస్తే, దానికి జవాబు చెప్పవలసింది మీరేనా?

కాలేజీలో వక్తృత్వ పోటీలకు వెళ్ళే రోజుల్లో ఇది నాకు అంశంగా వచ్చి ఉంటే సంబరపడేదాన్ని. పంపినవారి బాధ్యత పంపడంతోనే ముగుస్తుందని నిరూపించేదాన్ని. చీటీ మారి ఎదుటి పక్షం నాకు వస్తే, ముగియదని కూడా అంతే ధీమాగా నిరూపించేదాన్ని. ఆదోనిలో చూపు పోతున్న ఒక పెద్దావిడ ఎదుట చాప మీద కూర్చొని అదే ప్రశ్న విన్న రోజున మాత్రం ఆ నిరూపణలేవీ నాకు పనికిరాలేదు.

నేను ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో పుట్టాను. ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్ళే. వానలు పడిన ఏడు ఊళ్ళోనే పత్తి తీస్తారు. పడని ఏడు గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఆదివారం చర్చి. డిగ్రీ ఆదోనిలో చదివాను. చదువయ్యాక అక్కడే, మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ పని దొరికింది. పత్తి వచ్చే నెలల్లో ఆ దారంతా లారీలే. తలుపు ఎంత మూసినా దూది పోగులు లోపలికి వచ్చి కీబోర్డు సందుల్లో, ప్రింటరు మూత మీద వాలుతుంటాయి. పొద్దున షాపు తెరవగానే బ్రష్షుతో వాటిని దులిపిన తర్వాతే ఏ పనైనా.

షాపు యజమానిని నేను అన్నా అని పిలుస్తాను. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మనిషి. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు మా షాపులో వేస్తాం. ఉర్దూ, అరబ్బీ అక్షరాలు కూర్చే పని అన్న చేస్తాడు. నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఆయన కూర్చినదాన్ని ఫోన్లలో చదువుకునేలా మార్చి, గ్రూపుల్లోకి పంపడం నా పని.

అరబ్బీలో దేవుని మాట ఉన్న ఏ కాగితాన్నీ అన్న సొంతంగా అచ్చుకు పంపడు. షాపు వెనక సందులో ఒక పెద్దావిడ ఉంది. పిల్లలకూ, పనులకు పోయే ఆడవాళ్ళకూ ఇంట్లోనే అరబ్బీ చదవడం నేర్పుతుంది. ఉస్తానీ అంటే పంతులమ్మ; ఆ వీధిలో అందరూ ఆమెను ఉస్తానీమా అంటారు. నేనూ అలాగే అంటాను. ముందుగా ఒక నమూనా కాగితం తీసి ఆమె ఇంటికి తీసుకుపోవాలి. అన్న దాన్ని గట్టిగా చదువుతాడు. ఆమె తన పాత అచ్చు ప్రతిని చెక్క పీట మీద పరుచుకొని, భూతద్దం పట్టుకొని, ఒక్కో గీతనూ సరిచూస్తూ వింటుంది. తేడా వస్తే వేలితో పీట మీద కొడుతుంది. అన్న ఆగి, దిద్దుకొని, ఆ వరుస మళ్ళీ మొదటినుంచి చదవాలి. అంతా అయ్యాక ఆ కాగితం తీసుకొని తన కళ్ళతో ఒకసారి చూసుకొని, కింద ఒక వాక్యం రాయిస్తుంది: ఆదోని ఉస్తానీ చూసి సరిచేసినది. ఆ వాక్యం ఉంటే ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ, చుట్టుపక్కల పల్లెల్లో గానీ ఇంకెవరూ మరో మాట అడగరు. ఆమె పని అంతా, పేరు అంతా ఆ వాక్యంలోనే ఉంది.

నేను షాపులో చేరేనాటికే ఆమెకు నీటికాసుల జబ్బు. చూపు అంచులనుంచి మూసుకొస్తోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవడమేనని కర్నూలు డాక్టరు చెప్పారట. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించేది; పక్కన పెట్టిన టీ గ్లాసు కనిపించేది కాదు. మనిషి అటు తిరిగి చూసేదాకా ఆ గ్లాసు లేనట్టే.

పోయిన పత్తి సీజనుకు ముందు అన్న ఒక చిన్న పుస్తకం కూర్చాడు. దేవుని పేర్లు, రోజూ చేసుకునే చిన్న ప్రార్థనలు. జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు అడిగి చేయించుకున్నది అది. ఉస్తానీమా ఎప్పటిలాగే విన్నది, చూసింది, వాక్యం రాయించింది. పుస్తకం అచ్చయింది. కొద్ది రోజులకు ఆ ఆడవాళ్ళే మళ్ళీ వచ్చి, పుస్తకంలో అక్షరం చిన్నదిగా ఉందని, ఫోన్లో అయితే వేళ్ళతో పెద్దది చేసుకోవచ్చని, మిల్లులో విరామం దొరికినప్పుడు చదువుకోవచ్చని అడిగారు. ఉస్తానీమా ఒప్పుకుంది. తాను చూసిన అక్షరాలే కదా పోయేది అని ఆమె అన్నట్టు గుర్తు. అన్న కూర్చిన అక్షరాలను యథాతథంగా, ఒక్కటీ మార్చకుండా, చివరి వాక్యంతో సహా నేను గ్రూపులోకి పంపాను. అది సాయంత్రానికే ఇతర గ్రూపులకు పోయింది.

ఇక్కడ ఆ రాత గురించి కొంచెం చెప్పాలి. నాకు తెలిసిందంతా ఆ ఇంట్లో కూర్చొని విని తెలుసుకున్నదే.

అరబ్బీలో అక్షరం ఒక్కటే ఉంటే దాన్ని ఎలా పలకాలో తెలియదు. మనకు తలకట్టు, గుడి ఉన్నట్టే వాళ్ళకు చిన్న గీతలు ఉంటాయి. అక్షరం పైన గీత పెడితే జబర్, అంటే అకారం. అదే గీత అక్షరం కింద పెడితే జేర్, అంటే ఇకారం. అక్షరాన్ని ఒత్తి పలకాలంటే దాని మీద చిన్న దువ్వెన పళ్ళలాంటి గుర్తు పెడతారు. దాని పేరు తష్దీద్. ఉస్తానీమా దగ్గర నేర్చుకునేవాళ్ళు మొదట వీటిని చేత్తో నేర్చుకుంటారు. పైన గీత కనిపిస్తే చేయి నుదుటికి పోవాలి. కింద గీత కనిపిస్తే అరచేయి చాపను తాకాలి. ఆమె గురువు ఆమెకు అలాగే నేర్పారట. పెద్దవాళ్ళయ్యాక చేయి అంత దూరం పోదు గానీ అలవాటు పోదు. చదువుతున్నంతసేపూ వాళ్ళ వేళ్ళు ఒళ్ళోనే కాస్త లేస్తూ, కాస్త వాలుతూ ఉంటాయి. భాష రాని నేను కూడా ఆ వేళ్ళను చూసి ఏది జబరో ఏది జేరో చెప్పగలిగేదాన్ని.

ఎమ్మిగనూరు నుంచి వచ్చి ఆదోనిలో ఒక మిల్లులో పత్తి ఏరే పని చేసే ఒక ఆవిడ ఆ చలికాలంలో ఉస్తానీమా దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు అక్షరాలు, గీతలు నేర్చుకొని, పొలం పనిలో పడి వదిలేసిందట. కూతురు జబ్బు చేసి పోయాక, ఆ బిడ్డ పేరున రోజూ దేవుని పేర్లు చదవాలని మొక్కుకుంది. క్లాసుకు వచ్చే తీరిక లేదు. ఫోన్లో చూసి సొంతంగా నేర్చుకొని, మొత్తం నోటికి వచ్చాక అప్పజెప్పడానికి వచ్చింది. నేను అప్పుడు మరో నమూనా కాగితం ఇవ్వడానికి వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చొని ఉన్నాను.

ఆమె తలమీది కొంగులో ఇంకా దూది పోగులున్నాయి. కళ్ళు మూసుకొని చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగుంది, తడబాటు లేదు. ఉస్తానీమా తల ఊపుతూ వింటోంది. ఒకచోట ఆ తల ఆగిపోయింది. వేలు పీట మీద పడింది. మిల్లు ఆవిడ ఆగి, ఆ పేరు మళ్ళీ అదే తీరున చదివింది. వేలు మళ్ళీ పడింది. నాకు మాత్రం ఆవిడ చేయి కనిపిస్తోంది. ఆ పేరు దగ్గరికి రాగానే ఆమె వేళ్ళు పైకి లేస్తున్నాయి.

"ఎవరు నేర్పినారమ్మా నీకు ఇట్ల?" అని ఉస్తానీమా అడిగింది.

"ఎవరూ లేదు మా. మీరు పంపించిందే. మీ పేరు కూడా ఉండాది దాంట్లో."

తప్పుగా పలికిన ఆ పేరుకు, రూపాలు దిద్దేవాడు అని అర్థం. ముసవ్విర్ అనాలి. అందులో ఒక అక్షరానికి తష్దీద్ ఉంది, జేర్ ఉంది. ఆ జేర్ పోయి జబర్ వస్తే అది ముసవ్వర్ అవుతుంది. అప్పుడు దాని అర్థం, రూపం దిద్దబడినవాడు. చేసినవాడు చేయబడిన వస్తువు అయిపోతాడు. ఇంతకన్నా పెద్ద తప్పు నోటినుంచి రాదని ఉస్తానీమా తర్వాత నాకు చెప్పింది. ఆవిడ పేర్లన్నీ చదవడం పూర్తి చేసేలోగా వేలు మళ్ళీ మళ్ళీ పీట మీద పడింది. ప్రతిసారీ తష్దీద్, జేర్ కలిసి వచ్చిన చోటే.

నేను వెంటనే అచ్చు పుస్తకం తీసి, ఆవిడ ఫోను పక్కన పెట్టి, ఆవిడ వేలితో చూపిన చోట రెండూ పోల్చి చూశాను. పుస్తకంలో తష్దీద్ అక్షరం మీద ఉంది, గీత అక్షరం కింద ఉంది. ఫోన్లో గీత అక్షరం కింద లేదు. అది ఎక్కి పైకి పోయి, తష్దీద్‌కు ఆనుకొని, దాని కింద, అక్షరానికి మాత్రం పైన కూర్చొని ఉంది. ఉస్తానీమా ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టుకుంది, వెలుతురుకు తిప్పింది. ఆమెకు మెరుపు తప్ప ఏమీ కనిపించలేదు. "నువ్వు సెప్పు బేటీ, గీత యాడుంది?" అని నన్నే అడిగింది. పైన ఉందని చెప్పాను.

షాపుకు తిరిగి వచ్చి, అన్నా నేనూ కూర్చొని ఇది ఎలా జరిగిందో వెతికాం. దొరికిన సంగతి నన్ను తప్పు కన్నా ఎక్కువగా భయపెట్టింది. తప్పు ఎక్కడా లేదు.

కంప్యూటరు లోపల అక్షరం బొమ్మగా ఉండదు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య, ప్రతి గీతకూ విడిగా ఒక సంఖ్య ఉంటాయి. అక్షరం సంఖ్య, తష్దీద్ సంఖ్య, జేర్ సంఖ్య ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. ఒకే అక్షరానికి రెండు గుర్తులు వస్తే, మనం ఏది ముందు కొట్టినా కొన్ని ప్రోగ్రాములు తమ నియమం ప్రకారం వాటిని వెనకాముందు చేసి దాచుకుంటాయి. దానివల్ల చదువులో తేడా రాదు. కానీ ఆ గీతను ఎక్కడ గీయాలన్నది సంఖ్యలో లేదు. అది ప్రతి యంత్రంలోనూ ఉండే ఫాంటు తేల్చుకుంటుంది. పాత ఫోన్లలో మన తెలుగు ఒత్తులు ఊడిపోయి పక్కన పడటం మీరు చూసే ఉంటారు. లోపల అక్షరం సరైనదే, గీసే చేయి సరైనది కాదు. ఇక్కడ అంతకన్నా చిక్కు ఉంది, ఎందుకంటే గీసే చేయి కూడా సరైనదే. మా షాపు కంప్యూటరులోని ఫాంటు మన దేశపు పద్ధతిలో జేర్‌ను ఎప్పుడూ అక్షరం కిందే గీస్తుంది. ఫోన్లలోని ఫాంటు అరబ్బు దేశాల పద్ధతిలో గీస్తుంది. అక్కడ తష్దీద్ ఉంటే జేర్ దాని కిందికి చేరుతుంది, జబర్ దాని నెత్తికెక్కుతుంది. అక్కడి పిల్లలు తష్దీద్‌నుంచి పైనా కిందా కొలుస్తారు. ఆదోని పిల్లలు అక్షరంనుంచి కొలుస్తారు. నుదుటికీ చాపకూ మధ్య చేయి ఊపుతూ నేర్చుకున్నవాళ్ళకు, అక్షరం పైన ఏ గీత కనిపించినా అది జబరే.

ఆ మర్నాడు ఇంకో పరీక్ష చేశాను. ఫోన్లో రాతను బయటికి చదివి వినిపించే ఏర్పాటు ఉంటుంది కదా. ఉస్తానీమా ఎదుట ఫోను పెట్టి, ఆ పేరు ఉన్న వరుసను చదవమన్నాను. యంత్రపు గొంతు, ఏ భావమూ లేని గొంతు, ముసవ్విర్ అని స్పష్టంగా పలికింది. జేర్‌తో. ఆమె మళ్ళీ పలికించమంది. మళ్ళీ అలాగే పలికింది. ఆమె ఫోనును పీట మీద బోర్లించింది.

"దానికి తెలుసు," అంది చివరికి. "తెలిసి మనకు ఇంకోటి చూపిస్తాంది."

కాదనడానికి నా దగ్గర మాటలున్నాయి. యంత్రానికి తెలియడం అంటూ ఉండదని, చూపించేదీ చదివేదీ వేర్వేరు భాగాలని చెప్పగలను. చెప్పాను కూడా. ఆ మాటలు నా చెవికే అంత గట్టిగా వినిపించలేదు.

అన్న ఆమెను ఓదార్చబోయాడు. తెలియక తప్పు చదివినవాళ్ళకు మాఫీ ఉంటుందని పెద్దలు చెప్తారని, అంత బెంగ వద్దని అన్నాడు. ఆమె ఆయన గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"సదివినామెకు మాఫీ ఉంటాదిరా. చూసినాను అని పేరు రాయించినామెకు?"

ఆ తర్వాత నా వైపు తిరిగి, నేను మొదట రాసిన ప్రశ్నను ఆమె తన మాటల్లో అడిగింది. నేను చూసింది వేరే, వాళ్ళకు అందింది వేరే, రేపు నన్ను అడిగితే నేను దేనికి జవాబు చెప్పాల బేటీ అని. నాకు అలవాటైన వాదాలన్నీ వరుసగా మనసులోకి వచ్చాయి. కూర్చినవాడి తప్పు కాదు. సంఖ్యలు ఇచ్చినవారి తప్పు కాదు. ఫాంటు గీసినవారి తప్పు కాదు. వాళ్ళ ఊళ్ళో అది సరైన రాత. పంపినవాళ్ళు ఉన్నదే పంపారు, చదివిన ఆవిడ కనిపించిందే చదివింది. ఇలా ఒక్కొక్కరినీ పక్కకు తీస్తూ పోతే చివరికి మిగిలింది ఆమె పేరు ఒక్కటే. తప్పు చేసినవారు ఎవరూ లేని తప్పు వెతుక్కుంటూ పోయి, పేరు రాసి ఉన్నవారి మీద వాలుతుంది. అది న్యాయం కాదని నాకు తెలుసు. కాదని ఆమెకు ఎలా నిరూపించాలో తెలియలేదు.

మిల్లు ఆవిడకు నిజం చెప్పాలని ఉస్తానీమాయే పట్టుబట్టింది. ఆదివారం సెలవు చూసుకొని ఆవిడ వచ్చింది. నేను కూడా ఆ రోజు చర్చి అయ్యాక బస్సెక్కి వచ్చాను. ఉస్తానీమా ఆ పేరును నిదానంగా పలికి, అర్థం చెప్పి, ఫోన్లో ఎందుకలా కనిపించిందో చెప్పింది. ఆవిడ అంతా విని, "అయితే ఇన్నాళ్ళూ నేను ఆయన్ను ఏమని పిలిచినట్టు మా?" అని అడిగింది. ఉస్తానీమా చేయి నేలను తడుముతూ పోయి ఆవిడ చేయిని పట్టుకొంది. ఆ వేళ్ళను చాప మీదికి వంచి, ఇక్కడ, ఇక్కడ అని నెమ్మదిగా చూపించింది. పాత అలవాటు ఆ వేళ్ళను వదలలేదు. పేరు పలికిన ప్రతిసారీ అవి పైకి లేచాయి.

దిద్దుబాటు చేయాలనుకున్నాం. అన్న మళ్ళీ అంతా సరిచూసి కొత్తగా పంపాడు. అది ఫోన్లలో అచ్చం పాతదానిలాగే కనిపించింది. గీసేది ఆ ఫోన్లే కదా. అప్పుడు పుటలను ఫోటోలుగా చేసి పంపాం. ఫోటోలో గీత కదలదు. కానీ చేతులు మారేకొద్దీ ఫోటో మసకబారింది, పెద్దది చేస్తే గీతలన్నీ బూజులా అలుక్కుపోయాయి. ముందు పంపిందే బాగుందని, అక్షరం పెద్దదవుతుందని ఆడవాళ్ళు పాతదాన్నే మళ్ళీ ఒకరికొకరు పంపుకున్నారు. వద్దని గ్రూపులో రాస్తే ఆ రాత కింద పూల బొమ్మలు పెట్టారు.

షాపులో ఈ గొడవ విని, టీ తాగడానికి వచ్చే ఒక ఆటో ఆయన నన్ను ఆటపట్టించాడు.

"ఏం పాపా, ఆదివారం మీ పాటలు, మిగతా రోజులు మా జేర్ జబర్ల పంచాయితీనా? దోమంత గీతకు ఇంత రచ్చేంది?"

"నీ ఆటో నంబరులో ఒక గీత మారితే పోలీసాయన ఊరుకుంటాడా అన్నా?"

"నా నంబరు సగం చెరిగిపోయి ఏడాది దాటింది పాపా. ఇంతవరకు అడిగినోడు లేడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో కూర్చున్నాక ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అడిగేవాడు లేకపోతే చెరిగిన నంబరుతోనే బండి తిరుగుతుంది. తిరిగినన్నాళ్ళూ అదే దాని నంబరు. అమ్మ ఇంట్లో తన ఫోన్లో బైబిలు చదువుకుంటోంది. వేలితో అక్షరం మీద అక్షరం తోసుకుంటూ, గుడి దగ్గర, కొమ్ము దగ్గర ఆగి కూడబలుక్కుంటూ చదువుతుంది. ఆమె చదువుతున్నది ఎవరు చూసి సరిచేశారో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. ఆ రోజు మొదటిసారి ఆమె పక్కన కూర్చొని, చదివినంతసేపూ వింటూ ఉండిపోయాను.

తర్వాతి వారాల్లో ఉస్తానీమా ఇంటికి కొత్త మనుషులు రావడం మొదలైంది. అందరూ అప్పజెప్పడానికే. మంత్రాలయంలో యాత్రికులకు గాజులు అమ్మే ఒకావిడ వచ్చింది. ఎమ్మిగనూరులో మగ్గం మీద పనిచేసే ఇంటి కోడలు ఒకామె వచ్చింది. వాళ్ళకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఊళ్ళు వేరు, గొంతులు వేరు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి వేళ్ళూ మిల్లు ఆవిడ వేళ్ళలాగే పైకి లేచాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బునైనా వచ్చిన దారి అడిగి ఆపవచ్చు. వీళ్ళకు దారి లేదు. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి ఫోను వెలుగులో వాళ్ళు, ఒంటరిగా, శ్రద్ధగా, ఒకే తప్పును నేర్చుకుంటున్నారు. ఉస్తానీమా వేలు పీట మీద కొట్టడం మానేసింది. చివరిదాకా వినేది. తర్వాత ఇది ఎవరు పంపారు అని అడిగేది. ఎవరో, గ్రూపులో వచ్చింది, కింద మీ పేరుంది మా అని వాళ్ళు గర్వంగా చెప్పేవారు.

ఆపైన నా ఫోనుకే ఒకటి వచ్చింది. ఎమ్మిగనూరులో నాతో చదివిన స్నేహితురాలు, వాళ్ళ పక్కింటివాళ్ళు ఇచ్చారని, మీ షాపుదేనా అని అడుగుతూ పంపింది. మా షాపుది కాదు. అది మేము ఎన్నడూ కూర్చని, ఉస్తానీమా ఎన్నడూ వినని వేరే ప్రార్థన. చుట్టూ ఎవరో రంగుల అంచు వేశారు. కింద మాత్రం మాకు తెలిసిన వాక్యమే ఉంది: ఆదోని ఉస్తానీ చూసి సరిచేసినది. అన్న దాన్ని చదివి, ఇందులో గీతలు కాదు, అక్షరాలే పోయాయని అన్నాడు. ఆ వాక్యం పాఠంనుంచి విడిపోయి, తన దారిన తాను తిరగడం మొదలుపెట్టింది. దేనికి కావాలంటే దానికి అంటుకుంటోంది.

ఈ సంగతి ఉస్తానీమాకు చెప్పాలా వద్దా అని అన్న తటపటాయించాడు. నేను చెప్పాలన్నాను. ఆమె పేరు మీద జరుగుతున్నది ఆమెకు తెలియకుండా ఉంచే హక్కు మనకు లేదని వాదించాను, గెలిచాను. గెలిచినందుకు నేనే వెళ్ళి చెప్పవలసి వచ్చింది.

అప్పటికి ఆమె చూపు బాగా తగ్గింది. ఎదురుగా కూర్చున్న నన్ను గొంతు విన్నాకే గుర్తుపట్టింది. చెప్పిందంతా విని, ఆ వరుసలను ఆ యంత్రం చేత చదివించమంది. చదివించాను. ఆమె తల వంచుకొని, నాకు అర్థం కాని ఏవో మాటలు తనలో తాను అనుకుంది. తర్వాత తన గురువు సంగతి చెప్పింది. చూసిన కాగితంలో తప్పు దొరికితే, ఆ కాగితం పోయిన ప్రతి ఇంటికీ ఆయన నడిచి పోయి, ఇచ్చిన మాటను నోటితో వెనక్కి తీసుకునేవారట. మరో కాగితం పంపించేవారు కాదట. "రాసి పంపితే వాళ్ళకు అందేది కాగితమే. నోటితో సెప్తే మనిషి అందుతాడు" అని ఆయన అనేవారని చెప్పింది.

"ఆయనకు ఇండ్లు తెలుసు బేటీ. నాకు ఇండ్లు తెల్వవు. యాడని పోదును?"

ఆ రోజునుంచి మేము ఫోను చేయడం మొదలుపెట్టాం. షాపు పని తగ్గిన మధ్యాహ్నాల్లో నేను ఆమె పక్కన కూర్చొని, గ్రూపులో కనిపించిన నంబరల్లా కలుపుతాను. ఆమె సలాము చెప్పి, తానెవరో చెప్పి, ఆ పాఠం మీద తాను ఇచ్చిన మాటను వెనక్కి తీసుకుంటున్నానని చెబుతుంది. తర్వాత ఆ పేర్లను వాళ్ళ చేత పలికిస్తుంది. కొందరు ఏడ్చారు. కొందరు ఇదేదో మోసపు ఫోను అనుకొని పెట్టేశారు. ఒకాయన, అసలు ఉస్తానీయే పంపిందని రాసి ఉంటే నువ్వెవరమ్మా కాదనడానికి అని ఆమెనే గద్దించాడు. ఎక్కువమంది, మేము అప్పుడే ఫలానావాళ్ళకు పంపేశామే అన్నారు. ఆ ఫలానావాళ్ళు ఎవరికి పంపారో వాళ్ళకు తెలియదు. ఆమె ప్రతి ఫోను తర్వాతా ఇంకా ఎంతమంది ఉన్నారని అడుగుతుంది. నేను తెలియదనే చెబుతాను. అబద్ధం చెప్పాలని ఒక్కోసారి అనిపిస్తుంది, చెప్పలేదు.

ఈ మధ్య ఆమె గొంతు కూడా అలిసిపోతోంది. మాట మధ్యలో ఆగి, ఊపిరి తీసుకొని, మళ్ళీ మొదలుపెడుతుంది. వెలుతురుకూ చీకటికీ తేడా తప్ప ఇప్పుడు ఆమెకు ఇంకేమీ తెలియదు. ఇకమీదట ఏ కాగితాన్నీ ఆమె చూసే వీలు లేదు; కాబట్టి, చూసి సరిచేసినది అనే వాక్యంతో కొత్తగా వచ్చేది ఏదైనా, అది ఆమెది కాదు. అయినా వస్తూనే ఉంటాయి. ఆమె తర్వాత కూడా వస్తాయి. అప్పుడు కాదనడానికి ఆమె ఉండదు.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. చివర ఆ వాక్యం ఉన్న పాఠం మీ ఫోన్లో గానీ, మీ ఇంట్లో ఎవరి ఫోన్లో గానీ ఉంటే దయచేసి ముందుకు పంపకండి. అది మీకు ఎవరు పంపారో వాళ్ళకు, మీరు ఎవరికి పంపారో వాళ్ళకు ఫోను చేయండి. మెసేజి పెట్టకండి, నోటితో చెప్పండి: ఉస్తానీ ఆ మాటను వెనక్కి తీసుకుంది అని. చెప్పాక దాన్ని మీ ఫోన్లోంచి తీసేయండి. తష్దీద్ ఉన్న ప్రతి అక్షరం దగ్గరా ఆగి, మీ ఊళ్ళో తెలిసినవారి ఎదుట కూర్చొని గట్టిగా చదివి వినిపించండి. మీ మతం ఏదైనా, మీ లిపి ఏదైనా, మీ ఇంట్లో ఫోను చూసి దేవుని మాట చదువుకునేవాళ్ళు ఉంటే, వాళ్ళ పక్కన ఒకసారి కూర్చొని చివరిదాకా వినండి. ఇది ఈ రోజే చేయండి.